గుంత లోతెంత?

నిన్న పంద్రాగస్టు. జెండా వందనానికి ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు వేసుకుని బయల్దేరాను. పాలకేంద్రం మలుపులో బండితో సహా గుంతలోకి దిగిపోయాను. ఎలా లేచానో అనవసరం. అదే అవతారంతో గ్రామసభకి వెళ్లి, మైకు లాక్కుని, "ఆర్థిక సంఘం డబ్బులు ఏమైపోతున్నాయి?" అని గర్జించాను. ముందురోజు రాత్రే ఫోన్లో చదివాను మరి: పంచాయతీల గ్రాంటులో రాష్ట్రాల వాటా తేల్చడానికి, కేంద్రం డబ్బు ఎవరికెంతో సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం జనాభాకి 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం వెయిటేజీ ఇచ్చిందని. ఆ లెక్కా వినిపించాను.

సెక్రటరీ కుర్రాడు మా అబ్బాయి ఈడువాడు. "గుంతలకి వెయిటేజీ లేదు మాస్టారూ" అన్నాడు. ఆ గ్రాంటులో నూటికి అరవై నీళ్లకీ పారిశుద్ధ్యానికేనట, వేరే దేనికీ ముట్టుకోకూడదట. మిగతా నలభై కోసం పంచాయతీల పనులుగా రాజ్యాంగం 11వ షెడ్యూల్లో రాసిన 29 అంశాలు క్యూ కట్టి ఉంటాయి, రోడ్డు అందులో ఒకటి. "ఇంతకీ గుంత లోతెంతండీ?"

సభ మొత్తం నా ప్యాంటు వైపు చూసింది. మోకాలి కింద బురద గీత, స్కేలు పెట్టి గీసినట్టు. ఎవడో మహానుభావుడు టేపు తెచ్చాడు. "కదలకండి మాస్టారూ" అంటూ ఒకడు నా మడమ దగ్గర చివర పట్టుకున్నాడు, ఇంకొకడు గీత దగ్గర వంగాడు. ముప్పై రెండేళ్లు పిల్లలకి కొలతలు నేర్పినవాణ్ణి, నన్నే కొలబద్ద చేసి నిలబెట్టారు. "పదకొండంగుళాలు!" అని అరిచాడు. "చెప్పు మందం తీసెయ్యరా" అని వెనకనుంచి ఒక పెద్దాయన. చప్పట్లు కూడా పడ్డాయి.

ఉక్రోషం ఆగక, "గుంత నిండా నీళ్లే కదా, వాన నీటి సంరక్షణ కింద ఆ అరవైలోంచే ఖర్చు రాసుకో" అన్నాను. కుర్రాడు నిజంగానే ఆలోచించాడు! తర్వాత తల అడ్డంగా ఊపాడు. మలుపు దాటితే రోడ్డు పంచాయతీది కాదట, వేరే శాఖదట. "రెండడుగులు ఇవతల పడుంటే చూసేవాళ్లమండి" అన్నాడు, బాధగానే.

రిజిస్టరు ముందుకి తోస్తే విసురుగా సంతకం గీకాను. ఇంటికొచ్చాక పక్కింటాయన చెప్పాడు, దానిపైన "రోడ్ల పరిస్థితిపై సభ్యులు సంతృప్తి వ్యక్తం చేశారు" అని ఉందట.

బండి ఇంకా గుంతలోనే ఉంది.