నారు మనది, నీరు మామగారిది

‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని మన పెద్దలు వెక్కిరించారు. ముందుచూపుని ఇంతగా అవమానించిన సామెత మరొకటి లేదు. ఆ సోమలింగం తండ్రి ఈ కాలంలో ఉంటే పేరుతో ఆగేవాడు కాదు, ఎక్సెల్ షీట్ తెరిచేవాడు. నేను తెరిచాను. మా ఆవిడకి ఐదో నెల. షీట్‌లో పదకొండు ట్యాబులు. త్వరలో పిల్లల్ని కనబోయే మగవాళ్ల మేలు కోరి అందులోని రహస్యాలు బయటపెడుతున్నాను.

ముందు సెలవుల సంగతి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం సవరించాక, ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు జీతంతో సెలవు దొరుకుతోంది. అంతకుముందు 12 వారాలే. కాన్పుకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఉద్యోగుల ప్రభుత్వ బీమా (ఈఎస్‌ఐ) వర్తించని చోట ఆ జీతమంతా కంపెనీయే ఇచ్చుకోవాలి. ఇంటర్వ్యూకి కొత్త పెళ్లికూతురు వస్తే మేనేజర్లు రెజ్యూమె కన్నా ముందు మంగళసూత్రం ఎందుకు చూస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పని వేళల్లో పిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా ఉండాలి. మా ఆవిడ ఆఫీసులో అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు పాలసీ కాగితం చూపించారు. క్రెష్ ఉంది, నాలుగో పేజీలో.

సెలవులో ఉన్న ఏడాది అప్రైజల్‌లో రేటింగ్ తగ్గుతుందని మా ఆవిడ బెంగ. అది ఖర్చు కాదు, రాకుండా పోయిన డబ్బు. రాని డబ్బుకి షీట్‌లో గడి ఉండదు కాబట్టి వదిలేశాను.

ఇక తండ్రి సెలవు. ఈ ట్యాబు కోసం చట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి చట్టంలో ఒక్క పూట కూడా రాసి లేదు. బిడ్డ పుట్టడంలో తండ్రి పాత్ర తొమ్మిది నెలల కిందటే ముగిసిందన్నది చట్టం ఉద్దేశం కాబోలు. మా కంపెనీ మాత్రం దయతలచి ఐదు రోజులు ఇస్తుంది. ఆస్పత్రి వరండాలో నడవడానికి ఒకటి, బిల్లు కట్టించడానికి ఒకటి, స్వీట్లు పంచడానికి ఒకటి, వాట్సాప్‌లో శుభాకాంక్షలకి జవాబులు ఇవ్వడానికి ఒకటి. ఐదోది విశ్రాంతికి. మగవాడి శరీరం కూడా శరీరమే కదా.

ఆస్పత్రి ఖర్చు దగ్గర నేను నార్మల్ డెలివరీ అనే వరసనే తీసేశాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5 అట, దేశానికి ముహూర్తాల మీద అంత పట్టింపు లేదు. మేము సిద్ధాంతిగారి చేత రోహిణీ నక్షత్రం, అభిజిత్ లగ్నం చూపించుకున్నాం. డాక్టరుగారి అపాయింట్‌మెంట్‌తో అది కుదరాలి, అంతే. బీమా సంగతి చెప్పుకోకపోతే మంచిది. సొంత పాలసీలో కాన్పు ఖర్చు కావాలంటే మామూలుగా రెండు నుంచి నాలుగేళ్లు ఆగమంటారు. అంటే పెళ్లిచూపుల్లో కాఫీ తాగుతూనే ప్రీమియం కట్టి ఉండాల్సింది.

ప్రభుత్వాల ప్రోత్సాహం అనే ట్యాబు కూడా ఒకటుంది. మా అత్తవారిది విజయనగరం. అక్కడి ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు 2025 మార్చిలో, మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని ప్రకటించారు. మాది ఇంకా తొలి కాన్పే గనక ఆవుని చరాస్తుల్లో చూపలేదు. ఎందుకైనా మంచిదని, లిఫ్టులో ఐదో అంతస్తు దాకా ఆవు పడుతుందా అని వాచ్‌మన్‌ని మాత్రం అడిగి ఉంచాను.

ఇవన్నీ చిల్లర లెక్కలు. అసలు ట్యాబు పేరు ‘మామగారు’. తొలి కాన్పు పుట్టింట్లో అన్న ఆచారాన్ని మించిన ఆర్థిక ప్రణాళిక ప్రపంచంలో ఏ నిపుణుడూ కనిపెట్టలేదు. ప్రీమియం లేదు, వెయిటింగ్ పీరియడ్ లేదు, క్లెయిమ్ తిరస్కరించే అధికారం అవతలివాళ్లకి అసలే లేదు. సీమంతానికి గాజులు, పట్టుచీర, మా వైపు వాళ్లందరికీ భోజనాలు. ఆస్పత్రి అడ్వాన్సు. బాలింతకి కాయం, పథ్యం వంట. బారసాలకి ఉయ్యాల, బిడ్డకి వెండి గిన్నె, బంగారు మొలతాడు. ఐదో నెలలో తల్లీబిడ్డల్ని పంపేటప్పుడు సారె. మేము అడగలేదు సుమా, మాకు అలాంటి అలవాటు లేదు. మా అమ్మ తన కాన్పుకి పుట్టింటివాళ్లు ఏమేం పెట్టారో ఫోన్లో మూడుసార్లు గుర్తు చేసుకుంది, అంతే.

అత్తగారిది వేరే వరస. రాత్రిళ్లు బిడ్డని ఎత్తుకుని తిరగడం, నలుగుపెట్టి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయడం, సాంబ్రాణి పొగ, గుడ్డలు ఉతకడం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుంటే లేవలేదు. ఆ వరసలో ఖర్చు దగ్గర సున్నా వేశాను. ఎక్సెల్ ఏమీ అనలేదు. దేశం లెక్కల్లోనూ ఆ పనికి వేసేది సున్నాయే గనక నాకూ తప్పనిపించలేదు.

మొన్న రాత్రి మా ఆవిడ షీట్ అంతా చూసింది.

“ఏవండీ, ఇందులో మా నాన్న ఉన్నారు, మా అమ్మ ఉంది, ఆవు కూడా ఉంది. మీరెక్కడ?”

“షీట్ తయారుచేసింది నేనే కదా!”

ఆవిడ అటు తిరిగి పడుకుంది. గర్భిణులకి మూడ్ మారుతుందని రెండో ట్యాబులో ముందే రాసి పెట్టుకున్నాను.

ఆడపిల్ల పుడితే ఏంటన్న ప్రశ్నకీ నా దగ్గర ప్రణాళిక ఉంది. సుకన్య సమృద్ధి ఖాతా. ఏడాదికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర. 15 ఏళ్లు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకి చేతికొస్తుంది. అంటే సుమారుగా ఎవడో అల్లుడు ఎక్సెల్ షీట్ తెరిచే వేళకి. ఆ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండో ట్యాబు తెరిచి, మూసేశాను.

నిన్న మామగారు ఫోన్ చేశారు. రిటైర్డ్ హెడ్మాస్టరు, ఆచితూచి మాట్లాడతారు. “ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి తీసేశాను బాబూ, ఆస్పత్రికి ఇబ్బంది లేదు” అన్నారు. గడువు ఇంకా 14 నెలలుందట, వడ్డీలో కోత పడిందట. జాలేసింది. మా పెళ్లయి రెండేళ్లు, కాన్పు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు కదా, గడువు దానికి తగ్గట్టు పెట్టుకోవద్దూ? చదువుకున్నవాళ్లకే ముందుచూపు లేకపోతే ఎలా?