పన్నీరు పళ్లెం గారికి

వింబుల్డన్ మహిళల సింగిల్స్ ట్రోఫీ, వీనస్ రోజ్‌వాటర్ డిష్ గారికి నమస్కారాలు.

మొదటి మాటకే తడబడ్డాను. మిమ్మల్ని కుమారి అనాలా, శ్రీమతి అనాలా? వింబుల్డన్ టెన్నిస్ జరిపే మీ ఆల్ ఇంగ్లండ్ క్లబ్బులో ఇది తేలనిదే స్కోరు కూడా చెప్పేవారు కాదు కదా. మగవాళ్ళకి ఉత్త ఇంటిపేరు సరిపోయేది. ఆడవాళ్ళకి మాత్రం ముందు పెళ్లి సంగతి, తర్వాత గేమ్ సంగతి. 2019లో ఆ పద్ధతి మానేశారు కాబట్టి ధైర్యం చేసి పళ్లెం గారూ అనే పిలుస్తున్నాను.

ఏమీ అనుకోకండి, మీరు పళ్లెమే. 1864లో బర్మింగ్‌హామ్‌లో వెండితో చేసి, అక్కడక్కడా బంగారు పూత పూసిన పళ్లెం. పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని పాత తగరపు మిశ్రమం పళ్లేనికి నకలు. రోజ్‌వాటర్ అంటే పన్నీరు. పెద్దింటి విందుల్లో అతిథుల చేతుల మీద పన్నీరు పోస్తుంటే కింద పట్టే పళ్లేలకి ఆ పేరు. టెన్నిస్ గెలిచినావిడకి చేతులు కడుక్కునే పళ్లెం ఇద్దామని 1886లో ఎవరికి తోచిందో గాని, ఆ మహానుభావుడి రాకెట్‌కి ఓ దండం.

మగవాళ్ళకేమో కప్పు. దాని మీద ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని రాత, నెత్తిన ఓ అనాసపండు. మరి ఫైనల్లో ఓడిన మగవాడికి ఏమిస్తారు? పళ్లెం! అక్కడ ఓడితే పళ్లెం, ఇక్కడ గెలిస్తే పళ్లెం.

పేరులో రోమన్ల ప్రేమదేవత వీనస్ ఉంది గాని మీ నడిమధ్యన దర్జాగా కూర్చున్నది ఆవిడ కాదు, సంయమన దేవత. ఒక చేతిలో దీపం, ఇంకో చేతిలో కూజా. ఒద్దికగా ఉండండమ్మా, తొందరపడకండమ్మా అని చెప్పే తల్లి. ఇక మీ అంచు చుట్టూ రోమన్ల చదువుల తల్లి మినర్వా పెత్తనంలో ఏడు విద్యలున్నాయి. ఖగోళం, సంగీతం వగైరాల జోలికి నేను పోను. గణితం గారితో మాత్రం కాస్త పనుంది.

1968లో తొలిసారి నగదు బహుమతి పెట్టినప్పుడు మగ విజేత రాడ్ లేవర్‌కి 2,000 పౌండ్లు, ఆడ విజేత బిల్లీ జీన్ కింగ్‌కి 750. పోనీ, పాత రోజులనుకుందాం. 2006లో మగ విజేతకి 6,55,000, ఆడ విజేతకి 6,25,000. అంతదాకా వచ్చినవాళ్ళు ఆ చివరి ముప్పై వేల దగ్గర ఎందుకు ఆగారు గణితం గారూ? గుర్తుగా ఉంచుకున్నారా? ఆ ఏడాదే టెన్నిస్ క్రీడాకారిణి వీనస్ విలియమ్స్ పత్రికలో నిలదీస్తూ రాసింది. 2007లో డబ్బు సమానం చేశారు. ఆ ఏడు గెలిచి మొదటి సమాన చెక్కు అందుకున్నదీ ఆవిడే. పేరుకి మీరు ఎప్పటినుంచో వీనసే గాని, అసలు వీనస్ వచ్చాక గాని లెక్క తేలలేదు.

వ్యాకరణం గారు కూడా అంచు మీదే ఉన్నారు. ఈవిడకి షష్ఠీ విభక్తి తప్ప ఇంకేదీ వచ్చినట్టు లేదు. 1981లో గెలిచింది క్రిస్ ఎవర్ట్. విజేతల పేర్లు రాసే గౌరవ ఫలకం మీదికి ఎక్కింది మిసెస్ జె.ఎం. లాయిడ్. ఆ జె.ఎం. ఆవిడ భర్త ఇనిషియల్స్. సర్వీసు ఈవిడది, చెమట ఈవిడది, పొడి అక్షరాలు మాత్రం ఆయనవి. 2022లో ఆ మిస్‌లూ మిసెస్‌లూ తీసేశారు.

సంయమనం గారితో మాత్రం నాకు తేలని తగువు ఒకటుంది. 1993 ఫైనల్, మూడో సెట్. స్టెఫీ గ్రాఫ్ మీద యానా నొవోత్నా 4-1తో ముందుంది. తన సర్వీసు, 40-30. ఒక్క పాయింటు వస్తే 5-1. డబుల్ ఫాల్ట్, అంటే రెండు సర్వీసులూ తప్పి పాయింటు పోయింది. అంతే, వరసగా ఐదు గేమ్‌లు పోయాయి. బహుమతులిచ్చేటప్పుడు బ్రిటన్ రాజకుటుంబపు డచెస్ ఆఫ్ కెంట్ ఏదో ఓదార్పు మాట అనగానే నొవోత్నా ఆవిడ భుజం మీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. మీరు అక్కడే ఉన్నారు. మీ మధ్యలో ఈ తల్లి దీపం పట్టుకుని కదలకుండా కూర్చుంది.

నొవోత్నా 1998లో మిమ్మల్ని ఎత్తింది. ఆవిడ దగ్గర ఆట నేర్చుకున్న క్రెజ్‌చికోవా 2024లో గెలిచి, ఫలకం మీద గురువు పేరున్న చోటే తన పేరు కూడా చూసుకుని భోరుమంది. చూశారా, సంయమనం గారి మాట మీ దగ్గర ఎవరూ వినడం లేదు. నాకైతే చాలా సంతోషంగా ఉంది.

ఇంతకీ ఒక సందేహం. పన్నీరు పళ్లేనికి జతగా కూజా ఉండాలి కదా. ఆవిడ చేతిలో ఉన్న బొమ్మ కూజా సరే, అసలుది ఏమైంది? జూలైలో ఎలాగూ బయటికొస్తారు, పక్కనుండే కప్పు గారిని ఓసారి వాకబు చేయండి.

ఇట్లు,
ఫైనల్ రోజున టీవీ ముందు నుంచి లేవని ఒక అభిమాని

తా.క.: పనిలో పనిగా ఆ అనాసపండులో సగం కూడా అడగండి.