78 రోజుల రూలు దెబ్బలకు కాదండీ

ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) డబ్బు రావాలంటే ఆరు నెలల్లో 78 రోజులకు బీమా చందా కట్టి ఉండాలని మీ వ్యాసంలో రాశారు. అది జబ్బు సెలవుకండీ. పనిలో దెబ్బ తగిలితే ఆ లెక్కే లేదు, చేరిన మొదటి రోజైనా సరే. సగటు జీతంలో 90 శాతం ఇస్తారు.

మా తమ్ముడికి స్పిన్నింగ్ మిల్లులో చేరిన పన్నెండో రోజునే రెండు వేళ్లు నలిగాయి. సూపర్‌వైజర్ కట్టు కట్టించి, "ఇంట్లో తలుపు సందులో పడ్డాయని చెప్పు" అన్నాడు. వీడూ తలూపాడు, పిచ్చిమాలోకం! ఆ ప్రమాదాన్ని రిజిస్టర్‌లో ఎక్కించడానికి మూడుసార్లు గేటు దగ్గర పడిగాపులు కాశాం.

ఉద్యోగం పోతే ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన వేరు. సగం జీతం, జీవితం మొత్తంలో 90 రోజులకు మించదు. చందా రోజులు దానికీ చూస్తారు.