గుంపులోకి పరుగెత్తించకండి

ఇక్కడి మన తెలుగు సంఘాల క్యాలెండర్‌లో సముద్రం జూన్ నుంచి ఆగస్టు వరకే ఉంటుంది. ఆపైన దీపావళి, సంక్రాంతి, ఉగాది అన్నీ హాళ్లలోనే. న్యూజెర్సీలో ఉండి ఇలా చేయడం నష్టమని నా అభిప్రాయం. వేసవిలో బీచ్ పార్కింగుకు రుసుము వసూలు చేసే శాండీ హుక్‌లో చలికాలం ఆ రుసుము లేదు, జనమూ లేరు, పక్షులు మాత్రం దండిగా ఉంటాయి. ఈమధ్య కొన్ని తెలుగు కుటుంబాలు అక్కడికీ, బార్నెగాట్ లైట్‌హౌస్ దగ్గరికీ వెళ్తున్నాయి. సంతోషమే. వెళ్లి చేస్తున్న ఒక పనితోనే నాకు పేచీ.

ఇసుక మీద చిన్న పిట్టలు గుంపుగా కనబడగానే తండ్రి ఫోను తీస్తాడు, తల్లి "పరుగెత్తు నాన్నా!" అంటుంది. పిల్లవాడు దూసుకెళ్తాడు, పిట్టలన్నీ ఒక్కసారిగా లేస్తాయి, వీడియో బ్రహ్మాండంగా వస్తుంది. అది చూసి ఊళ్లో అమ్మమ్మ మురిసిపోతుంది.

ఆ పిట్టల్లో ఎక్కువ భాగం శాండర్లింగులు, ఉల్లంకి జాతివి. ఆర్కిటిక్‌లో పిల్లల్ని చేసి చలికాలానికి దక్షిణానికి దిగుతాయి. మన కోస్తా తీరానికీ ఈ జాతి వస్తుంది. ఒక్కోటి సుమారు 60 గ్రాములు. అల వెనక్కి తగ్గగానే దాని వెంట పరుగెత్తి తడి ఇసుకలో పురుగులను, చిన్న పీతలను ఏరుకుంటాయి; అల మళ్లీ వస్తుంటే ఒడ్డుకు పరుగు. పోటు మీద మేత దొరికే ఇసుక మునిగిపోతుంది. అప్పుడే అన్నీ ఒకచోట చేరి, ఒంటికాలి మీద నిలబడి ఒంట్లో వేడి కాపాడుకుంటాయి. మనకు ముచ్చటగా కనబడే గుంపు అదే, లేపకూడనిదీ అదే. ఊరికే ఎగిరిన ప్రతిసారీ ఆ ఎముకలు కొరికే చలిలో దాచుకున్న కొవ్వు ఖర్చవుతుంది.

ఆర్కిటిక్ నుంచి వచ్చే తెల్ల గుడ్లగూబ (స్నోయీ ఔల్) సంగతి ఇంకా సున్నితం. 2013-14 చలికాలంలో అవి అసాధారణమైన సంఖ్యలో ఈ తీరానికి వచ్చాయి. ఆకలితో వచ్చాయని చాలామంది జాలిపడ్డారు కానీ, అసలు కారణం కలిమి: ఉత్తర క్విబెక్‌లో వాటికి మేత అయిన లెమ్మింగ్ ఎలుకలు విపరీతంగా పెరగడంతో గుడ్లగూబ పిల్లలు ఎక్కువ బతికాయి. టండ్రాను తలపించే ఇసుక దిబ్బల్లో ఇవి పగలంతా కళ్లు సగం మూసుకుని కూర్చుంటాయి. కళ్లు పెద్దవి చేసి మీవైపే చూస్తోందంటే మీరు ఇప్పటికే బాగా దగ్గరికి వెళ్లారన్నమాట. ఇంకో నాలుగడుగులు ఫొటో కోసమే తప్ప చూడడానికి కాదు. అది ఉన్న చోటును వాట్సాప్ గ్రూపులో పెట్టకండి కూడా.

"పిల్లలు కదా, ఆడుకోనివ్వండి" అంటారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ పిల్లలున్నారు. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటి రాక ఊరికి శుభమని అక్కడివాళ్ల నమ్మకం, అందుకే ఎవరూ తరమరు. మన పిల్లలకు నేర్పడానికి కొత్త పాఠ్యాంశం ఏమీ అక్కర్లేదు. నిజానికి శాండర్లింగుల దగ్గర కదలకుండా కూర్చుంటే అవే పరుగెత్తుకుంటూ మన ముందు నుంచి పోతాయి. పిల్లలకు ఇంతకన్నా వినోదం ఏ వీడియోలో ఉంది?

జనవరిలో ఒక శనివారం సంఘం తరఫున బార్నెగాట్ యాత్ర పెట్టమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. పోటుపాట్ల పట్టిక చూసి, నీరు తగ్గే వేళకు వెళ్దాం. అక్కడి రాళ్లకట్ట దగ్గరికి ఏటా హార్లెక్విన్ బాతులు వస్తాయి. మగదాని నీలం, గోధుమ, తెలుపు రంగుల పట్టీలు చూస్తే ఎవరో తీరిగ్గా కూర్చుని అద్దినట్టుంటుంది. ఎక్కువగా కట్ట చివర, అలలు విరిగే చోటే ఉంటాయి. పాచి పట్టిన రాళ్లు ఎక్కి కాళ్లు విరగ్గొట్టుకోనక్కర్లేదు, పక్కనున్న ఇసుక మీద నడిచి వెళ్లవచ్చు. ఇంటికో బైనాక్యులర్ కొననక్కర్లేదు, నాలుగు ఉంటే చాలు, చేతులు మారతాయి. పులిహోర మాత్రం కారులోనే తినండి. అక్కడి గల్ పక్షులకు మొహమాటం లేదు, చేతిలోది కూడా లాక్కుపోతాయి.