మాంటిసెల్లో కథలో ఈడిత్ ఫాసెట్ కూడా ఉండాలి

వర్జీనియాలో అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కట్టుకున్న ఇల్లు మాంటిసెల్లో గురించి మీ వ్యాసం బాగుంది. ఆ ఇంటి గోపురం గురించి అంత వివరంగా రాసి, అక్కడి బానిసలను ఒక్క వాక్యంతో సరిపెట్టడం మాత్రం బాధనిపించింది. జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. 1826లో పోయేనాటికి అప్పు లక్ష డాలర్లు దాటింది. అది తీర్చడానికి 1827 జనవరిలో అక్కడే మనుషులను వేలం వేశారు. కమ్మరి జోసెఫ్ ఫాసెట్‌కు వీలునామాలో స్వేచ్ఛ ఇచ్చి, ఆయన భార్య ఈడిత్‌నూ పిల్లలనూ ఆ వేలంలో అమ్మేశారు! ఆమె అధ్యక్ష భవనంలో వంట చేసిన మనిషి. ఇంత ఘోరం ఎలా వదిలేస్తాం? 1834లో ఇల్లు కొని నిలబెట్టిన యురయా లీవీ గురించి కూడా దయచేసి రాయండి.