సవరణ: క్లిఫ్ బర్టన్ బస్సు ప్రమాదం

అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికాలో బేస్ గిటార్ వాయించిన క్లిఫ్ బర్టన్ గురించిన గత పోస్టులో "రోడ్డు మీది మంచు వల్ల బస్సు బోల్తా పడింది" అని ఉంది. అది డ్రైవర్ చెప్పిన కారణమని చదువుకోవాలి.

1986 సెప్టెంబర్ 27 తెల్లవారుజామున, స్టాక్‌హోమ్‌లో షో ముగించుకుని వెళ్తుండగా స్వీడన్‌లోనే ఈ ఘోరం జరిగింది. చనిపోయేనాటికి క్లిఫ్‌కి 24 ఏళ్లే. ఆ చలిలో సాక్సులతోనే రోడ్డు వెంట నడుస్తూ మంచు కోసం వెతికానని, ఎక్కడా కనబడలేదని బ్యాండ్ గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడి మాట అది, దాన్ని పక్కన పెట్టి రాయకూడదు. అయితే డ్రైవర్‌కి శిక్షేమీ పడలేదు, అదీ చెప్పాలి.

ఆ రాత్రి పేకముక్క తీసి క్లిఫ్ గెలుచుకున్న బెర్తులోనే తను పడుకోవాల్సిందని బ్యాండ్ గిటారిస్ట్ కిర్క్ హామెట్ చెప్పిన భాగంలో మార్పు లేదు.