పిల్లాడు తినట్లేదా? ముందు ఇంట్లో పళ్ళాలు చూడండి

ఆరో నెల రాగానే అన్నప్రాశన చేస్తాం. చుట్టాల్ని పిలిచి, పాయసం నాలుక మీద రాసి, ఫోటోలు పెడతాం. ఆ మర్నాటి నుంచి ఏడాదిన్నర పాటు ఆ బిడ్డ నోట్లోకి ఏం వెళ్తోందన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నెయ్యి వేసిన మెత్తటి పప్పన్నం, ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు, డబ్బాలోంచి తీసిన తియ్యటి పొడి, మళ్ళీ పప్పన్నం. రెండేళ్ళు దాటాక అదే పిల్లాడు బీరకాయ ముక్క చూసి నోరు బిగిస్తే "మావాడు అసలేం తినడండీ, ఏదైనా టానిక్ రాయండి" అని డాక్టర్ దగ్గర కూర్చుంటాం. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఏ జబ్బూ ఉండదు. మొండితనం అంతకన్నా ఉండదు. రుచులు నేర్పాల్సిన కాలంలో మనం నేర్పలేదు, అంతే.

అవును, మాటలు నేర్పినట్టే రుచులూ నేర్పాలి. తీపి మీద ఇష్టం పుట్టుకతోనే వస్తుంది, దానికి ఎవరి సాయం అక్కర్లేదు. చేదు, పులుపు, ఆకుకూరల పసరు వాసన అలా కాదు, పదే పదే నోటికి తగిలితేనే అలవాటవుతాయి. ఈ అలవాటు కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. అమ్మ తిన్న తిండి రుచి ఉమ్మనీటిలోకీ, తర్వాత పాలలోకీ చేరుతుంది. రుచి, వాసనల మీద పరిశోధనలు చేసే ఫిలడెల్ఫియాలోని మోనెల్ సెంటర్‌లో జూలీ మెనెల్లా బృందం 2001లో ఇదే చూపించింది: గర్భంతో ఉన్నప్పుడో, పాలిచ్చే రోజుల్లోనో క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, తర్వాత క్యారెట్ కలిపిన తిండి పెడితే మిగతా పిల్లలకన్నా తక్కువగా ముఖం చిట్లించారు. బాలింతకు అది పెట్టకూడదు, ఇది పెట్టకూడదు అని నెలల తరబడి కారప్పొడీ వెల్లుల్లితో సరిపెట్టే ఇళ్ళల్లో, ఆ పత్యం తల్లితో పాటు బిడ్డకీ వర్తిస్తోందని ఎవరైనా ఆలోచిస్తున్నారా?

జర్మనీలో జరిగిన ఇంకో పరిశోధన నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. ఏడు నెలల పిల్లలు వద్దని తోసేసిన కూరగాయ గుజ్జునే తల్లులు రోజు విడిచి రోజు, 8 సార్లు పెట్టారు. 70 శాతానికి పైగా పిల్లలు, ముందు నుంచీ ఇష్టపడే కూర తిన్నంతగా దాన్నీ తినేశారు. మన ఇళ్ళల్లో ఏం జరుగుతుంది? రెండోసారికో మూడోసారికో "వాడికి కాకరకాయ పడదు" అని తీర్పు ఇచ్చేస్తాం, ఆ తీర్పు పెళ్ళయ్యేదాకా వాడి వెంట వస్తుంది. పసిబిడ్డ ముఖం చిట్లిస్తే వద్దన్నట్టు కాదు, కొత్తగా ఉంది అని చెబుతున్నాడు. చిట్లిస్తూనే మళ్ళీ నోరు తెరుస్తాడు, కాస్త ఆగి చూస్తే తెలుస్తుంది. రెండేళ్ళ దగ్గర్నుంచి కొత్త తిండి అంటే భయం సహజంగానే పెరుగుతుంది కాబట్టి ఈ పని అంతకుముందే జరగాలి.

ఇంకో అలవాటు కూడా ఉంది. క్యారెట్, బీట్‌రూట్, పాలకూర, పప్పు అన్నీ కలిపి మిక్సీ పట్టి "అన్నీ తింటున్నాడు" అనుకోవడం. పోషకాలు వెళ్తాయేమో గానీ నాలుకకు తెలిసేది ఒక్క రుచే, అది కూడా ఏ కూరదీ కాని రుచి. పొట్లకాయ పొట్లకాయలా, గోంగూర గోంగూరలా విడిగా తగలాలి. ఫోన్ చూపిస్తూ కుక్కితే ఆ ఒక్కటీ తగలదు, గిన్నె ఖాళీ అవుతుంది, బిడ్డ ఏం నేర్చుకోడు.

అరగదు, ఎలర్జీ వస్తుంది, ఉద్యోగం చేసే తల్లికి టైమ్ ఎక్కడిది అనేవాళ్ళున్నారు. టైమ్ సంగతి నిజమే, ఆ భారం తల్లి ఒక్కదాని మీదే వేయడం అన్యాయం కూడా. కానీ వేరే వంట అక్కర్లేదు, ఇంట్లో వండే కూరలోంచి ఉప్పూకారం వేయకముందే రెండు చెంచాలు పక్కకు తీస్తే చాలు. ఎలర్జీకి భయపడి ఆపితే ఏమవుతుందో 2015లో వచ్చిన లీప్ అనే పరిశోధన తేల్చింది: ఎలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు ఏడాదిలోపే వేరుశనగ అలవాటు చేస్తే ఆ ఎలర్జీ 81 శాతం తగ్గింది. అలాంటి బిడ్డయితే డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి. పలుకులు గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి మెత్తగా నూరి పెట్టాలి, తేనె మాత్రం ఏడాది దాటేదాకా వద్దు.

2024లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ, మన దేశంలో అమ్మే సెర్లాక్‌లో ఒక్కో సర్వింగ్‌కు సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలుపుతున్నారనీ, జర్మనీ, బ్రిటన్‌లలో కలపడం లేదనీ బయటపెట్టినప్పుడు అందరం మండిపడ్డాం. మండిపడాల్సిందే. మరి తెలంగాణ అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతం పొడి సంగతేమిటి? గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు అందులోనూ పంచదార ఉంది. కంపెనీని నిలదీసిన గొంతు ప్రభుత్వం దగ్గరికొచ్చేసరికి ఎందుకు తగ్గుతుంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరైన ఆహారం అందుతున్నది నూటికి 11 మందికే. ఇంతమంది తల్లులకూ ఒకేసారి పెంపకం రాకుండా పోయిందా? పెద్దవాళ్ళ పళ్ళెంలో లేనిది పిల్లల నోటికి రాదు. మా తాతల తరంలో తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగిసంకటి, కొర్రన్నం రోజువారీ తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది ఎన్ని ఇళ్ళల్లో ఆకలి తీర్చిందో తెలుసు, ఆ పథకాన్ని తక్కువ చేయను. కానీ బోరు బావులూ కాలువలూ కలిసొచ్చి మెట్ట చేలు కూడా వరికి తిరిగాక, జొన్నతో పాటు అదే చేలో పండిన కంది, పెసర, అనుములు పోయాయి, గట్ల మీద తమంతట తాము మొలిచే ఆకుకూరలూ పోయాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత మహిళా రైతులు ఆ పాత పంటల విత్తనాలను ఇప్పటికీ కాపాడుతున్నారు. మిగతా చోట్ల ఆ రుచులు అమ్మలకే తెలియవు, ఇక బిడ్డలకు ఎలా తెలుస్తాయి?

2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. దొడ్డుబియ్యం పోయి సన్నబియ్యం రావడం మంచిదే, కానీ ఆ సంచిలో ఉన్నది మళ్ళీ బియ్యమే. పక్కన కర్ణాటకలో రేషన్ కింద దక్షిణ జిల్లాల్లో రాగులు, ఉత్తర జిల్లాల్లో జొన్నలు ఇస్తున్నారు. సంగారెడ్డిలో, కర్నూలులో, అనంతపురంలో పండే జొన్నలూ కొర్రలూ మంచి ధరకు కొని అక్కడి రేషన్ షాపులకే పంపడానికీ, అంగన్‌వాడీ పొడిలో పంచదార తీసేసి అంగన్‌వాడీ కేంద్రం పెరట్లోనే నాలుగు మడుల ఆకుకూర వేయించడానికీ అడ్డేమిటో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చెప్పాలి.